తవిటమ్మ నీళ్ళు పోయని చలికాలం

మారేడువలసలో తవిటమ్మ అడుగుపెట్టని గడప లేదు. రాజాంలో బస్సు దిగి, చెరకు తోటల మధ్య నాలుగు మైళ్ళు నడిస్తే వచ్చే ఊరు అది. 1967 ఆషాఢంలో ఆ ఊరి సబ్‌సెంటరుకి నన్ను నర్సుగా వేశారు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మాది శృంగవరపుకోట. ట్రైనింగు విజయనగరంలో అయింది. సబ్‌సెంటరంటే ఏమీ లేదు, ఒక పెంకుటింటి ముందుగది. అందులో ఒక బల్ల, ఒక చెక్క బీరువా, కిరసనాయిలు స్టౌ. నెల రోజులు నా గుమ్మం ఎవరూ తొక్కలేదు. ఊళ్ళో పురుళ్ళన్నీ తవిటమ్మే పోసేది.

చివరికి ఆవిడే వచ్చింది. యాభై దాటిన మనిషి, బక్కపలచన, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. భర్త సూరయ్య తాటిచెట్టు మీంచి పడి పోయి అప్పటికి పదేళ్ళు. పిల్లల్లేరు. గుమ్మంలో నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏటి నర్సమ్మా, నెల్రోజులైంది ఊళ్ళోకొచ్చి. గదిలోనే కూకున్నావు. పురుడంటే బయ్యమేటి నీకు?"

"ఎవరూ పిలవడం లేదు" అన్నాను.

"పిలస్తారేటి? నాను తీసుకెల్తే వస్తావు, అంతే. లే."

ఆ రోజు నుంచి ఇద్దరం కలిసి తిరిగాం. ఆవిణ్ణి అప్పా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని. బ్లేడు మరగబెట్టాలంటే మరగబెట్టింది. బొడ్డు మీద పేడ బూడిద వేయొద్దంటే మానేసింది. "నువ్వు సదువుకున్నావు గదా, నువ్వు సెప్పు, నాను సేస్తాను" అనేది. ఇంకో మంత్రసాని అయితే నా మీద పగపట్టేది. మొదటి ఏడాది మేమిద్దరం కలిసి ముప్ఫై ఒక్క పురుళ్ళు పోశాం. ఒక్క తల్లి కూడా పోలేదు.

పురుడు పోసిన దగ్గర్నుంచి మూడో నెల దాకా ఆ బిడ్డకి నీళ్ళు పోసేది కూడా తవిటమ్మే. పొద్దున్నే బయల్దేరి ఇల్లిల్లూ తిరిగేది. పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, బిడ్డని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, ఆముదం రాసి, శెనగపిండితో నలుగు పెట్టి, వేణ్ణీళ్ళు పోసేది. అంతా అయ్యాక బిడ్డ ముక్కు మీద నోరు పెట్టి, లోపలి చీమిడి బయటికి వచ్చేలా ఊదేది. వాళ్ళమ్మ అలాగే చేసేదట. ఊరంతా అలాగే చేయించుకునేది. నేనూ చూస్తూ ఊరుకునేదాన్ని.

రెండో ఏడు కార్తీకంలో కోతలు మొదలయ్యాయి. చలి ముందుగానే వచ్చేసింది. తెల్లవారేసరికి పొలాల మీద మంచు కమ్ముకుని, మనుషులు పక్కనే ఉన్నా దగ్గు వినపడితే తప్ప కనపడేవారు కాదు. ఊరంతా దగ్గే. పెద్దవాళ్ళు నాలుగు రోజులు దగ్గి, మిరియాల కషాయం తాగి, మళ్ళీ కొడవలి పట్టుకునేవారు. తవిటమ్మ కూడా దగ్గుతూనే తిరిగింది. చెంగుతో ముక్కు తుడుచుకుంటూ ఒక్క ఇల్లు కూడా వదలకుండా నీళ్ళు పోసి వచ్చేది.

ముందు గంగులు కొడుక్కి వచ్చింది. గంగులుకి పెళ్ళైన తొమ్మిదేళ్ళకి పుట్టిన పిల్లాడు, రెండు నెలల వాడు. మొదటి రోజు ముక్కు కారింది. మూడో రోజుకి పాలు పట్టడం మానేశాడు. నేను వెళ్ళేసరికి డొక్కలు ఎగరేస్తున్నాడు, ప్రతి ఊపిరికీ పక్కటెముకల కింద గుంట పడుతోంది, పెదాలు నీలిరంగు. ఎవరో చెబితే పొట్ట మీద పసుపుకొమ్ము కాల్చి వాతలు కూడా పెట్టేశారు. రాజాం తీసుకెళ్దామని బండి కట్టించాను. ఊరి పొలిమేర దాటకుండానే పోయాడు. గంగులు బండి ఆపమని కూడా అనలేదు. ఎద్దులు వాటంతట అవే ఇంకో ఫర్లాంగు నడిచాయి.

పది రోజుల్లో ఇంకో ఇద్దరు. ఒకటి పై వీధిలో నెలా పదిరోజుల ఆడపిల్ల, ఇంకొకటి చెరువు గట్టు వైపు ఇరవై రోజుల గుంటడు. మూడు ఇళ్ళూ మూడు దిక్కుల్లో ఉన్నాయి. ఒకరింటికి ఒకరు రాకపోకలు లేవు. నేను రిజిస్టరు ముందు పెట్టుకుని ఆ మూడు పేర్లే చూస్తూ కూర్చున్నాను. విజయనగరంలో నెలలు నిండని పిల్లల్ని పెట్టే గది ఒకటి ఉండేది. ఆ గదిలోకి ముక్కు చీదే నర్సుని కూడా రానిచ్చేవారు కాదు. సిస్టరు గుమ్మంలోనే ఆపి వెనక్కి పంపేది. అది గుర్తొచ్చాక, ఆ మూడు ఇళ్ళకీ రోజూ వెళ్ళే మనిషి ఎవరో తెలుసుకోవడానికి రిజిస్టరు అక్కర్లేకపోయింది.

మర్నాడే రాజాం వెళ్ళి అక్కడి డాక్టరు నరసింగరావుగారిని అడిగాను. ఆయన రోగుల్ని ఆపి నా మాట పూర్తిగా విన్నారు.

"పెద్దవాళ్ళకి జలుబు, పసికందులకి చావు. ఇది బాక్టీరియా కాదమ్మా, పెన్సిలిన్ పని చెయ్యదు. వచ్చాక మన దగ్గర మందు లేదు. రాకుండా చూడ్డమే. దగ్గే మనిషి దగ్గరికి రాకూడదు, చేతులు సబ్బుతో కడుక్కోకుండా ముట్టుకోకూడదు. ఏడో నెలలో, ఎనిమిదో నెలలో పుట్టిన పిల్లలైతే మరీను. చలికాలం దాటేదాకా తల్లి తప్ప ఇంకో చెయ్యి పడకపోతే మంచిది" అన్నారు. నేను లేస్తుంటే, "ఆ మంత్రసానికి నువ్వే చెప్పాలి" అన్నారు.

చెప్పాలి. మూడు రోజులు చెప్పలేకపోయాను. రోజూ పొద్దున్నే ఆవిడ నా గుమ్మం ముందు నుంచి వెళ్ళేది. నేను లోపల ఏదో పని ఉన్నట్టు తల వంచుకునేదాన్ని. ఆ మూడు రోజుల సంగతి ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం సోములు పరుగెత్తుకొచ్చాడు. అతని భార్య కూర్మమ్మకి నొప్పులొచ్చాయని. కూర్మమ్మ తవిటమ్మ మరిది కూతురు, ఆ ఊళ్ళోనే ఇచ్చారు. ఏడో నెల ఇంకా నిండలేదు. నేను వెళ్ళేసరికి తవిటమ్మ అక్కడే ఉంది. గంటలో ఆడపిల్ల పుట్టింది. కిలోంబావు ఉంటుందేమో. ఒళ్ళంతా నూగు, చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి. పిల్లి కూనలా మూలిగింది. తవిటమ్మ బిడ్డని చేతుల్లోకి తీసుకుని ముక్కు మీదికి వంగింది.

"అప్పా, ఆగు!"

"ఏటే?"

"ఊదకు. నాకియ్యి."

"ఊదకపోతే ఊపిరెలా తీస్తాది గుంట?"

నేను లాక్కున్నట్టే తీసుకున్నాను. దూదితో ముక్కు తుడిచి, ఇంకో దూది పరిచి, బిడ్డని తల్లి రొమ్ముల మధ్య పడుకోబెట్టి దుప్పటి కప్పాను. అంతా సర్దాక తవిటమ్మని పెరట్లోకి తీసుకెళ్ళాను. అక్కడ నీళ్ళ గాబు పక్కన నిలబడి డాక్టరుగారు చెప్పిందంతా చెప్పాను.

ఆవిడ మధ్యలో ఒక్కసారి దగ్గింది. దగ్గి, తన చెంగు వంక చూసుకుంది.

"అయితే గంగులు కొడుకు?"

"తెలీదప్పా. అయ్యుండొచ్చు."

"అయ్యుండొచ్చు అనీకు. అవునా, కాదా? సెప్పు."

నేను తెలీదనే అనాల్సింది. నిజానికి ఎవరికి తెలుసు? ఆ ఇంట్లో ఇంకెవరో దగ్గి ఉండొచ్చు. కాని ఆవిడ నా కళ్ళలోకి చూస్తోంది. మళ్ళీ తప్పించుకునే మాట నోటికి రాలేదు.

"అవుననే అనుకుంటున్నాను."

"మిగతా ఇద్దరూ?"

తలూపాను.

తవిటమ్మ గాబు అంచు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. "నీకెన్నాళ్ళై తెలుసు?" అంది.

"నాలుగు రోజులు."

"ఈ నాల్రోజులూ నాను పదకొండు మందికి నీల్లు పోసేను నర్సమ్మా" అంది.

ఆ రోజు నుంచి తవిటమ్మ ఏ బిడ్డకీ నీళ్ళు పోయలేదు. ఎవరైనా పిలవడానికి వస్తే "నాకు దగ్గున్నాది, మీరే పోసుకోండి, ఊదకండి" అని వాకిట్లోంచే పంపేసింది. కాని కూర్మమ్మ ఇంటికి మాత్రం రోజూ వెళ్ళేది. లోపలికి కాదు. అరుగు మీద, గుమ్మానికి అడ్డంగా, వీపు లోపలివైపు పెట్టి కూర్చునేది. లోపలున్న అసిరమ్మకి, అంటే కూర్మమ్మ అత్తగారికి, అక్కణ్ణించే కేకేసి చెప్పేది.

"వదినా, నీల్లు పోయీకు. తడిగుడ్డతో తుడువు సాలు. సేతులు సబ్బెట్టి కడుగు. సాంబ్రాణి ఏసీకు, పొగ పడదు. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టు, సుక్క సుక్కా."

సోములు కోతల నుంచి వచ్చి పెరటి దారిన వెళ్ళి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, వేరే గుడ్డ కట్టుకుంటే గాని లోపలికి వెళ్ళడానికి లేదు. నాకు కూడా ఒక రోజు తుమ్ము వస్తే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వైనా అంతే. రేపు రా." బిడ్డ పదో రోజు దాటింది. పదిహేను దాటింది. తల్లి ఒంటి వేడిలోనే, ఆ దుప్పట్లోనే, కొద్ది కొద్దిగా పెరిగింది. ఉగ్గుగిన్నె తోసేసి రొమ్ము పట్టడం మొదలుపెట్టింది. ఆ మాట అసిరమ్మ లోపలినుంచి చెబితే, తవిటమ్మ అరుగు మీద కూర్చునే ఒక్కసారి నవ్వింది. ఆ చలికాలంలో ఆవిడ నవ్వడం అదొక్కసారే చూశాను.

ఇరవై ఒకటో రోజున చుట్టాలొచ్చారు. రావద్దని సోములు కబురు పంపాడు గాని, పురుడంటే రాకుండా ఎవరుంటారు? సోములు అప్ప దాలమ్మ ముందు నడుస్తూ వచ్చింది. ఆవిడ చంకలో రెండేళ్ళ పిల్లాడు, ముక్కు కారిపోతోంది, దగ్గుతున్నాడు. వెనకాల పదిహేనుమంది.

"లెగు తవిటమ్మా, దారియ్యి" అంది దాలమ్మ.

"లోనకి ఎవులూ వెల్లకూడదు. గుంట నెలలు నిండనిది. బయట్నించే సూడండి."

"మేనత్తని నాను! మేనకోడల్ని ఎత్తుకోకూడదేటి? ఎవులు సెప్పేరు నీకు?"

"నర్సమ్మ సెప్పింది. దగ్గుతన్నాడు గదే నీ కొడుకు."

"పిల్లలన్నాక దగ్గు రాదేటి? నువ్వెవులివి మా ఇంటికి కాపలా?"

గొంతులు లేచాయి. లోపలినుంచి అసిరమ్మ మెత్తబడిపోయి, "పోనీ వదినా, ఒక్క నిమసం సూసి ఎల్లిపోతారు" అంది. దాలమ్మ తవిటమ్మ భుజం మీంచి కాలు దాటించబోయింది. అప్పుడు తవిటమ్మ ఆవిడ కాలు రెండు చేతులతో పట్టుకుంది. పట్టుకుని, వీధంతా వినేలా అరిచింది.

"నాను సంపేనే! ముగ్గుర్నీ నానే సంపేను! గంగులు కొడుకు, పై వీధి గుంట, గట్టు మీద గుంటడు, ముగ్గురూ నా సేతుల మీదే పోనారు. నాను ముట్టుకున్నాను, నాను ఊదేను, పోనారు! తెలీక సేసేను. ఇప్పుడు తెలిసి ఈ గుంటని సావనివ్వను. ఎల్లిపొండి!"

దాలమ్మ కాలు వెనక్కి తీసుకుంది. ఒక్కొక్కరే వాకిట్లోంచి వెనక్కి నడిచారు. నేను నా గదిలో ఉండి ఇదంతా తర్వాత విన్నాను. విన్నప్పుడు నాకు సంతోషమే కలిగింది. నేను చెప్పిన మాట ఆవిడ ఎంత గట్టిగా పట్టుకుందో అని. జనం ఆ మాటని ఎలా విన్నారో నాకు తట్టలేదు.

ముట్టుకుంది, ఊదింది, పోయారు. సాయంత్రానికి ఊళ్ళో ఈ మూడు ముక్కలే మిగిలాయి. మా వైపు దానికి ఒక పేరుంది. చిల్లంగి. మంత్రం వేసి మనుషుల్ని తినేయడం. పిల్లల్లేని మనిషి, మొగుడు చెట్టు మీంచి పడి చచ్చాడు, పసిపిల్లల నోట్లోకి ముక్కులోకి ఊదుతుంది, పైగా తన నోటితోనే ఒప్పుకుంది. ఇంకేం కావాలి?

రెండు రోజుల తర్వాత, పొద్దున్న తొమ్మిదింటప్పుడు, కళ్ళాల వైపు నుంచి కేకలు వినపడ్డాయి. నేను పరుగెత్తాను. వరికుప్పల మధ్య జనం గుండ్రంగా నిలబడి ఉన్నారు. తవిటమ్మని బండి చక్రానికి కట్టేశారు. కొప్పు ఊడిపోయి ఉంది. గంగులు చేతిలో గుండ్రాయి. పళ్ళు రాలగొడితే మంత్రం నోట పలకదని నమ్మకం. నేను వెళ్ళేసరికే ముందరి పళ్ళు పోయాయి. గడ్డం మీంచి రవిక మీదికి నెత్తురు కారుతోంది.

"ఆపండి! అది జబ్బు, దగ్గు వల్ల అంటుకునే జబ్బు. ఆవిడ మంత్రం కాదు!" అని అరిచాను.

గంగులు నా వైపు తిరిగాడు. అతని మొహం అంతా కన్నీళ్ళు.

"నువ్వే గదా నర్సమ్మా దానికి సెప్పినావు? దాని వల్లే పోనారని నువ్వు సెప్పలేదేటి?"

"చెప్పాను. కాని..."

"సెప్పినావు గదా!" అన్నాడు. అంతే. జనంలో ఎవరో "నర్సమ్మే సెప్పింది" అన్నారు. ఆ మాట వెనక్కి వెనక్కి పాకింది. నేను ఇంకా ఏదేదో చెప్పాను. వైరస్ అన్నాను, డాక్టరుగారు అన్నాను, పెద్దాళ్ళకి జలుబు పసివాళ్ళకి ప్రాణం మీదికి అన్నాను. ఒక్కరికీ ఎక్కలేదు. చివరికి సోములు ఒక్కడే ముందుకొచ్చి తాళ్ళు కోశాడు. అతన్ని ఎవరూ ఆపలేదు. చేయదలుచుకున్నది చేసేశారు గనక.

అదే బండి మీద ఆవిణ్ణి రాజాం తీసుకెళ్ళాం. నరసింగరావుగారు దవడ కట్టి, పెదవికి ఏడు కుట్లు వేశారు. ఆ రోజుల్లో కొండల్లో నక్సలైట్ల గొడవలు, పోలీసులంతా అటే ఉన్నారు. మూడో రోజు ఒక కానిస్టేబులు వచ్చి అడిగాడు. తవిటమ్మ నోరు తెరవలేక చేత్తో సైగ చేసింది, జారి పడ్డానని. నేను జరిగింది చెప్పబోతే నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. కానిస్టేబులు వెళ్ళాక కోపం వచ్చి అడిగాను.

"ఎందుకప్పా అలా చెప్పావు?"

మాటలు ముద్దముద్దగా వచ్చాయి. రెండుసార్లు చెబితే గాని అర్థం కాలేదు.

"ఆడి కొడుకు పోనాడు గదే."

తవిటమ్మ మళ్ళీ మారేడువలస రాలేదు. ఆసుపత్రి నుంచే గరివిడి దగ్గర తమ్ముడు నూకయ్య ఇంటికి వెళ్ళిపోయింది. ఆవిడ సామానంతా ఒక మూటలో కట్టి సోములు తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు.

కూర్మమ్మ కూతురు బతికింది. జనం భయపడి ఆ ఇంటి ఛాయలకి రాలేదు. చిల్లంగి మనిషి మూడు వారాలు కూర్చున్న అరుగు కదా. మాఘం వెళ్ళేదాకా ఆ గడప తల్లీ, అత్తా, సోములూ తప్ప ఎవరూ దాటలేదు. బిడ్డకి తుమ్ము కూడా రాలేదు. ఎండలు ముదిరాక బయటికి తెచ్చి నాకు చూపించారు, బుగ్గలొచ్చాయి. ఊళ్ళో వాళ్ళు మాత్రం, "తవిటమ్మ పోయింది, పిల్ల బతికింది" అన్నారు. నేను ఎవరితోనూ వాదించలేదు. పై ఏడు మళ్ళీ చలి వచ్చింది, మళ్ళీ దగ్గు వచ్చింది, ఇద్దరు పసిపిల్లలు పోయారు. అప్పుడు తవిటమ్మ లేదు గనక గాలి సోకిందన్నారు.

ఆ చలిలోనే, 1969 మార్గశిరంలో, ఒక మీటింగుకి వెళ్తూ గరివిడిలో దిగాను. నూకయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. తవిటమ్మ మేంగనీసు రాళ్ళు ఏరే పనికి వెళ్తోందట. ఆ రోజు ఒంట్లో బాగాలేక ఇంట్లోనే ఉంది. బుగ్గలు లోపలికి పోయి పదేళ్ళు పెద్దదానిలా అయిపోయింది. అరచేతులూ గోళ్ళూ నల్లగా ఉన్నాయి. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"కూర్మమ్మ గుంట ఎలాగున్నాది?"

"నడుస్తోందప్పా. గోడ పట్టుకుని."

తలూపింది. క్షమించమని అడుగుదామని దారంతా అనుకుంటూ వచ్చాను. ఆవిడ మొహం చూశాక ఆ మాట నోటికి రాలేదు. అడిగితే ఓదార్చే పని కూడా ఆవిడ మీదే పడుతుంది.

"గంగులుకి మల్లీ పిల్లలేటైనా?" అంది ఉన్నట్టుండి.

"కార్తీకంలో ఆడపిల్ల పుట్టింది. నెల ముందే. చిన్నదే."

తవిటమ్మ కూర్చున్న చోటు నుంచి ముందుకి వంగింది.

"అయితే బేగి ఎల్లు. నా దగ్గిర కూకుంటావేటి? మాగం దాటీదాకా ఎవల్నీ ముట్టుకోనీయొద్దని సెప్పు. ఆడి పెల్లానికి సెప్పు, ఆడికి కాదు. పొగ ఎయ్యొద్దని సెప్పు. నాను సెప్పేనని మాత్రం సెప్పీకు."

మీటింగు మానేసి ఆ సాయంత్రమే వెనక్కి వచ్చాను. గంగులు భార్యకి చెప్పాను. ఈసారి ఎవరి వల్ల అనే మాట ఎత్తలేదు. గాలిలో ఉంటుంది, ఎవరికైనా ఉంటుంది, నాకైనా ఉంటుంది అన్నాను. గంగులు గుమ్మం పక్కన నిలబడి అంతా విన్నాడు. నేను వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి చూస్తే, నులకమంచం తెచ్చి గుమ్మానికి అడ్డంగా వేస్తున్నాడు.

ఆ పిల్లకి ఆ చలికాలం గడిచింది. ఆ మాట చెప్పడానికి ఫాల్గుణంలో గరివిడి వెళ్ళాను. నూకయ్య వాకిట్లో తాడు పేనుతున్నాడు. తవిటమ్మ పోయి ఇరవై రోజులైందన్నాడు. జ్వరం వచ్చిందట, నాలుగు రోజులే. ఆఖరి రోజుల్లో అతని కూతురు తన పసిబిడ్డనెత్తుకుని దగ్గరికి వెళ్తే, ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుని, దూరంగా వెళ్ళమని చేత్తో చూపించేదట.

"మా గుంటంటే అప్పకెందుకో పడేది కాదు నర్సమ్మా" అన్నాడు నూకయ్య.

అప్పుడు కూర్చుని అతనికి మొత్తం చెప్పాను. మొదటి నుంచి.